మా తాతగారి అన్నయ్య నాటకాల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

తెనాలి కుర్రాడు
పొద్దున్నుంచి నెట్‌లో వెతుకుతూనే ఉన్నాను, ఒక్క ముక్క దొరకలేదు. మా తాతగారి అన్నయ్య ఒకప్పుడు పేరున్న రంగస్థల నటుడట. ఇంట్లో ఆయన ఊసెత్తితే మాట మార్చేస్తారు. మా మేనత్త ఒక్కత్తే ‘ఆయన పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్లు ఆగేవి కావురా’ అంటుంది. ఆవిడకి ఎనభై దాటాయి. ఆవిడ ఉండగానే తెలుసుకోవాలని నా ఆరాటం. ఎక్కడ వెతకాలో చెప్పండి, ప్లీజ్.

సూటిమాట
పేరు? ఊరు? ఏ కాలం?

రంగస్థలాభిమాని
బాబూ, సురభి నాటక కుటుంబాల నుంచి మొదలుపెట్టు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడటంతో మొదలైన చరిత్ర అది. వనారస గోవిందరావుగారి కుటుంబం, ఆ తర్వాత శాఖోపశాఖలు, అందరికీ నాటకమే సంసారం. 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద టాకీలో లీలావతి వేసిన సురభి కమలాబాయి కూడా వాళ్లమ్మాయే. సినిమా తారల తాతముత్తాతల పేర్లు గడగడా చెప్తారు, వీళ్లని తలిచే నాథుడు లేడు. ఇది చాలా బాధాకరం.

తెనాలి కుర్రాడు
సురభి అని ఇంట్లో ఎప్పుడూ వినలేదండీ. ఏదో నాటక సమాజం అనేవారు. తెనాలి దగ్గర పల్లెటూరు, 1930 ప్రాంతాలు. పేరు ఇక్కడ రాయొద్దని నాన్నగారు అన్నారు.

రంగస్థలాభిమాని
సమాజమన్నా కంపెనీ అన్నా ఒకటే కదా. సురభివాళ్లవీ సమాజాలే.

కృష్ణాతీరం
అన్నీ ఒక గాటన కట్టకండి. మైలవరం రాజావారి ఆదరణలో నడిచిన బాలభారతి నాటక సమాజం ఒక తరహా. ప్లీడర్లు, గుమాస్తాలు సాయంత్రాలు రిహార్సల్ చేసుకుని ఆడినవీ సమాజాలే. ఇవి కాక కాంట్రాక్టు నాటకాలు. కాంట్రాక్టరు తలో ఊరి నుంచి పేరున్నవాళ్లని పిలిపించి ఆ రాత్రికి కూర్చేవాడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారు. అలా తిరిగిన నటుడు ఏ ఒక్క సమాజం లెక్కల్లోనూ దొరకడు, కరపత్రాలు, పత్రికల్లో ప్రకటనలు చూడాల్సిందే. ఇంతకీ ఏ వేషాలు కట్టేవారు? కృష్ణుడా, అర్జునుడా?

తెనాలి కుర్రాడు
సత్యభామ, సారంగధర నాటకంలో చిత్రాంగి అని అత్త చెప్పింది. ఆడవేషాలే వేసేవారట. చీర కట్టుకుని దిగిన ఫొటో ఉంది, వెనక స్టూడియో ముద్ర ఉంది. ఒక గ్రామఫోన్ ప్లేటు కూడా ఉంది కానీ అది పగిలిపోయింది.

సూటిమాట
ఇవన్నీ మొదటి పోస్టులో రాయాల్సినవి.

కృష్ణాతీరం
అయితే సురభి దాదాపు కాదు. అక్కడ ఆడపాత్రలు ఆ కుటుంబాల ఆడవాళ్లే వేసేవారు. మగవాళ్లు ఆడవేషం కట్టడం ఎక్కువగా బయటి సమాజాల్లోనే. బాపట్లలో పుట్టి తెనాలిలో వెలిగిన స్థానం నరసింహారావుగారి కీర్తంతా సత్యభామ, చిత్రాంగి లాంటి వేషాల వల్లే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మీ పెద్దవాళ్లు మాట మార్చేది ఆ చీర ఫొటో వల్లే అయితే ఈ సంగతి వాళ్లకి చెప్పండి. అందులో దాచాల్సిందేమీ లేదు.
ముందు ఫొటో వెనక ముద్రలో ఏ ఊరుందో చూడండి, ఆ చుట్టుపక్కలే ఎక్కువగా ఆడి ఉండొచ్చు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారి నటరత్నాలు పుస్తకం తిరగేయండి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది, పాత పత్రికలకి పెట్టింది పేరు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు అడగండి. ఇంటిపేరుతోనే వెతక్కండి, కొందరు నటుల్ని ఊరిపేరుతోనే పిలిచేవారు.

పాతప్లేట్లు
ప్లేటు పగిలినా పారేయకండి! నడిమి లేబుల్ మిగిలితే చాలు, పాడినవారి పేరు, నాటకం పేరు, రికార్డు నంబరు అక్కడే ఉంటాయి. నంబరును కంపెనీ పాత క్యాటలాగులతో పోలిస్తే కాలం తేలుతుంది. ఆ ప్లేట్లు లక్కవి, జిగురు పెట్టి అతికించొద్దు. ముక్కలు విడివిడిగా మెత్తటి గుడ్డలో చుట్టండి. ఇంకో కాపీ ఎవరైనా సేకర్త దగ్గర ఉండొచ్చు, ఒక వైపు మూడు నిమిషాల పాటే అయినా ఆయన గొంతు మీ అత్తగారికి వినిపించొచ్చు.

రంగస్థలాభిమాని
సురభిలో మగవాళ్లు ఆడవేషం అస్సలు వేయలేదని మాత్రం అనొద్దు.

కృష్ణాతీరం
అస్సలు అనలేదండీ, దాదాపు అన్నాను.

తెనాలి కుర్రాడు
థాంక్సండీ అందరికీ. లేబుల్ మీద సగం పేరే కనిపిస్తోంది, రేపు వెలుగులో ఫొటో తీసి పెడతాను.

పాతప్లేట్లు
రెండో వైపు లేబుల్ కూడా తీయండి.