ద్విపద కాడ ఆగిపోతున్న, మీరేం చదువుతున్నరు?

హన్మకొండ పాఠకుడు:
ఈ నెల మన దిక్కు పుస్తకాలే చదువుదామని పాల్కురికి సోమన ద్విపదలల్ల (రెండేసి పాదాల పద్యాలల్ల) రాసిన బసవపురాణం పట్టిన. రోజుకు పది పేజీలనుకుంటే మూడు పేజీలకే తల తిరుగుతున్నది. మాట యాడ విడగొట్టాల్నో తెలుస్తలేదు. దీన్ని పక్కకు పెట్టి నవలలకు పోవాల్నా? మీరంత ఈ మధ్య ఏం చదువుతున్నరు, ఏది ముందు ఏది వెనుక?

పాలకుర్తి:
సార్, ఇడువకున్రి. వచనం లెక్క కండ్లతోని చదివితే ద్విపద లొంగది. గణమంటే అక్షరాల చిన్న గుంపు. పాదానికి మూడు ఇంద్రగణాలు (పెద్ద గుంపులు), ఒక సూర్యగణం (చిన్న గుంపు), అంతే. అవతారికల (పుస్తకం ముందుమాటల) ఈ జంటను గొంతెత్తి చదువున్రి:

ఉరుతర / గద్యప / ద్యోక్తుల / కంటె
సరసమై / పరగిన / జానుదె / నుంగు

గణం తెగిన కాడ మాట తెగది. "పద్యోక్తుల", "జానుదెనుంగు" (తేట తెలుగు) నడుమకు తెగినయి చూడున్రి, తిప్పలంత గిక్కడ్నే. అందుకే ఒకసారి గణాల మీద, ఇంకోసారి అర్థం మీద చదవాలె. యతి అంటే పాదం మొదటి అక్షరానికి మూడో గణం మొదటి అక్షరం గొంతు కలుపుడు: కింది పాదంల "స"కు "జా" కుదిరింది. మీది పాదంల "ఉ"కు "ద్యో" ఎట్ల? పద్య, ఉక్తి కలిసినయి గద, లోపలున్న "ఉ" అందుకున్నది. యతి కుదరకుంటే సంధి తప్పు విప్పిన్రేమో మల్ల చూసుకోవాలె. రోజుకు ఇరవై ద్విపదలు చాలు. మొదటికెల్లే పోవాల్నని లేదు, ముందుగాల గొడగూచి, బెజ్జమహాదేవి కథలు తీయున్రి. తల్లి లేని శివునికి తల్లినైతననే బెజ్జమహాదేవి మాటలు ఎంత తేటగుంటయో!

కరీంనగర్:
పొద్దున ద్విపద, రాత్రి నవల పెట్టుకోన్రి. వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి ముందు, తర్వాత దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదం. ఆళ్వారుస్వామి గంగు అసంపూర్తి నవల, అది తెలిసే మొదలుపెట్టాలె. వీటిల అడ్డం తగిలేది నిజాం కాలం కచేరి (సర్కారు ఆఫీసు) మాటలు. ఒక చీటీ మీద రాసి పుస్తకంల పెట్టుకోన్రి: పట్వారి భూమి లెక్కలు రాసేటోడు, మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేటోడు, పోలీసు పటేల్ ఊరి శాంతిభద్రతలు చూసేటోడు, గిర్దావర్ వీళ్ల లెక్కలు తనిఖీ చేసేటోడు. పట్వారి, ఇద్దరు పటేళ్లు, ఈ ముగ్గురు ఊరి అధికారులను ఒక్కడే అనుకుంటే ఎవని జులుం ఎవని మీదనో అర్థం కాదు.

హన్మకొండ పాఠకుడు:
సర్ఫేఖాస్ అంటే?

కరీంనగర్:
నిజాం సొంత భూములు. వాటి ఆదాయం ఆయన సొంత ఖజానాకే పోయేది.

జనగామ:
నవీన్ అంపశయ్య మల్ల తీసిన. 1969ల వచ్చింది. ఉస్మానియా హాస్టల్ల ఉండే రవి ఒక్క రోజు ఆలోచనలే నవలంత. దీన్ని బస్సుల పది పది పేజీలు చదవొద్దు. ఒక ఆలోచనకెల్లి ఇంకోటి పుడుతుంటది, నడుమ ఆపితే దారం తెగుతది. కనీసం గంట కూసోవాలె. ఎవరు మాట్లాడుతున్నరని ఎతకొద్దు, ఆ గొంతు రవి తలలదే.

పాలకుర్తి:
నవీన్ది వావిలాల, సోమన ఊరు పాలకుర్తికి దగ్గర్నే. పాత ప్రతులు కావాల్నంటే హన్మకొండ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయం గ్రంథాలయంల అడుగున్రి, 1904 నుంచి ఉన్నది. పాత కాయితం పెళుసుగుంటది, మూల మడవొద్దు, సన్న కాయితం పట్టీ పెట్టుకోన్రి. జిరాక్స్ మిషన్ మీద బోర్లించి వత్తితే కుట్టు ఊడుతది, ఫోన్ల ఫోటో తీసుకోన్రి.