చారిత్రక నవలలో ‘అట’ ఎవరి నోట పలకాలి?

ఐతిహ్యాన్నీ (జనం నోట నిలిచిన కథనూ) చరిత్రనూ కలిపి నవల రాసేటప్పుడు, ఐతిహ్యం వచ్చిన ప్రతిచోటా క్రియ చివర ‘అట’ చేర్చితే చాలు, రచయిత బాధ్యత తీరిపోతుందన్న అభిప్రాయం ఒకటి ఉంది. అనంతపురం వాడిని కనుక ఆ వైపు లేపాక్షి గుడి కథ ఆధారంగానే దీనితో విభేదిస్తాను.

విజయనగర రాజు అచ్యుతదేవరాయల కొలువులో అధికారిగా ఉండి లేపాక్షిలో వీరభద్రాలయాన్ని కట్టించిన విరూపణ్ణ చారిత్రక పురుషుడే. శాసనాల్లో ఆయన పేరుంది. పొడవాటి కుళ్లాయిలు పెట్టుకొన్న పరివారంతో ఆయన రూపం గుడి కప్పు మీది చిత్రాల్లోనూ ఉంది. ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టినందుకు కండ్లు తీయించమని రాజు ఆజ్ఞాపిస్తే, ఆయన తానే పెరుక్కొని గోడకు విసిరికొట్టాడన్నది మాత్రం జనం చెప్పే కథ. గోడ మీది రెండు ఎర్రటి మరకలే దానికి సాక్ష్యం. (రాముడు జటాయువును ‘లే పక్షీ’ అన్నాడన్న కథ వేరు, అది ఊరి పేరు కోసం అల్లుకొన్నది.)

దానంగా ఇచ్చిన ఊళ్లను చెప్పే శాసనంలో ‘అట’కు చోటుండదు. జనం మాటకేమో అదే ప్రాణం. మా సీమలో అది ‘అంట’: “కండ్లు పెరుక్కున్నాడంట.” ఇందులో అపనమ్మకమేమీ లేదు, నేను చూడలేదు, పెద్దలు చెప్పగా విన్నాను అన్న నిజాయితీ ఉంది. అదే ‘అట’ను కథకుడు పలికితే, కథను నమ్మలేక, వదులుకోనూ లేక పక్కకు తప్పుకొన్నట్టుంటుంది. పైగా 1530ల నాటి లేపాక్షిలో పాఠకుణ్ణి నిలబెట్టి, తన కండ్ల ముందు జరగాల్సిన దాన్ని జరిగిందట అనడమేమిటి?

నేనైతే కథకుణ్ణి విరూపణ్ణ ఉన్న చోటికి పోనివ్వను. కల్యాణమండపం పని ఆగిపోయిన సాయంత్రం, ఉలి మూట కట్టుకొంటూ ఒక శిల్పి పక్కవాడితో ఆ ‘అంట’ అంటాడు. ఐతిహ్యం పుట్టిన క్షణమే అప్పుడు నవలలో చారిత్రక సన్నివేశమవుతుంది.

కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయంలో చిక్కు తలకిందులుగా ఉంటుంది. 1847లో కోయిలకుంట్లలో కుంఫిణీ వారు ఆయనను ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడగట్టడం ఐతిహ్యంలా వినిపించే చరిత్ర. అక్కడ ‘అట’ వాడిన నవలాకారుడు, తెలియకుండానే, కుంఫిణీ చేసిన పనిని పుకారుగా మార్చేస్తాడు.