మా బడి పిల్లల తల్లిదండ్రులకు నా బొమ్మలు అమ్మితే తప్పేమిటి?

సూదీదారం

కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీకి క్లాస్ అసిస్టెంట్‌ని. పాఠం చెప్పేది మేడం. ముక్కులు తుడవడం, టిఫిన్ డబ్బాల మూతలు తీయడం, ఏడ్చేవాళ్లను ఎత్తుకోవడం, సాయంత్రం బస్సు ఎక్కించడం నా పని. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఇంటికి వచ్చేసరికి ఐదున్నర. వంటా గిన్నెలూ అయ్యాక తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా గుడ్డబొమ్మలు కుడతాను. పదేళ్లుగా ఉన్న పిచ్చి ఇది.

జూన్‌లో ఒక బాబు రోజూ గేటు దగ్గర ఒకటే ఏడుపు. అరచేతిలో పట్టే బొమ్మ ఒకటి కుట్టి జేబులో పెట్టాను. మూడో రోజుకి ఏడుపు ఆగింది. వాళ్లమ్మ ఇంట్లోకి పెద్దది కావాలని 650 రూపాయలిచ్చి చేయించుకుంది, ఫోటో తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నెలలో 11 ఆర్డర్లు. ఇప్పుడు కోఆర్డినేటర్ పిలిచి "పేరెంట్స్‌తో డబ్బు వ్యవహారాలు పెట్టుకోవద్దు" అన్నారు. యూనిఫాం, బెల్టు, డైరీ అన్నీ స్కూల్ కౌంటర్‌లోనే కొనిపిస్తారు, అది వ్యవహారం కాదా? నేను డ్యూటీ టైములో ఒక్క కుట్టు కూడా వేయలేదు. మీరే చెప్పండి.

బడిగంట

నేను హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాను. కోఆర్డినేటర్ చెప్పిన తీరు బాగుండకపోవచ్చు, చెప్పింది మాత్రం సరైనదే. స్కూలు బెల్టు అమ్మడం నాకూ నచ్చదు. కానీ కౌంటర్ పిల్లల్ని ఎత్తుకోదు కదమ్మా, నువ్వు ఎత్తుకుంటావు. బొమ్మ కొన్న తల్లి పిల్లనీ కొనని తల్లి పిల్లనీ నువ్వు ఒకేలా చూస్తావనే నా నమ్మకం. కొనని తల్లికి ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? పిల్ల మోకాలు గీసుకుని వస్తే మొదట ఆ బొమ్మే గుర్తొస్తుంది.

సర్కారు ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి ఉంది, అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ప్రైవేటులో ఉన్న నీకు అది వర్తించదు, నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో అదే లెక్క. ఒకసారి తీసి చదువు. చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని ముట్టుకోరు.

కొండాపూర్ అమ్మ

బడిగంట గారూ, నేను ఒప్పుకోను. మా పాప అసిస్టెంట్ అంత మంచి బొమ్మలు కుడితే నేనే వెంటపడి కొంటాను. చిన్న జీతాల వాళ్లు పైన నాలుగు రూపాయలు సంపాదించుకుంటే అందరికీ అభ్యంతరమే. అదే డాన్స్ సార్ సాయంత్రం సొంత క్లాసులు పెట్టుకుంటే టాలెంట్ అంటాం.

ఇది రాశాక ఒక విషయం గుర్తొచ్చింది, దాచడం ఎందుకు. రెండేళ్ల కిందట మా పెద్దవాడి క్లాస్ టీచర్ చీరల వ్యాపారం పెట్టింది. రెండు కొన్నాను. ఒకటి ఇంతవరకూ మడత విప్పలేదు. వద్దనడానికి మొహమాటం. వాడి మార్కులు ఆమె చేతిలో ఉన్నాయి మరి.

లెక్కలబాబాయి

అమ్మాయ్, తప్పొప్పులు తర్వాత. బొమ్మకి గుడ్డ, ఫైబర్, ఉలెన్ దారం కలిపి ఎంతవుతుంది, ఎన్ని గంటలు పడుతుంది?

సూదీదారం

గుడ్డ టైలర్ దగ్గర మిగిలిన ముక్కలే, కిలో లెక్కన ఇస్తాడు. దారం బేగంబజార్‌లో తెస్తాను. అన్నీ కలిపి 150 అవుతుంది. టైమంటారా, ఐదు గంటలు. సగం మెడకే పోతుంది. దూది గట్టిగా కూరకపోతే నాలుగు రోజులకే తల వాలిపోతుంది, అందుకే మెడలోకి కొంచెం కొంచెంగా పుల్లతో దట్టించాలి. కొందరు లోపల పుల్ల పెట్టి కుట్టేస్తారు, పిల్లల బొమ్మకి నేను పెట్టను. జడలు మెట్రోలోనే అల్లేస్తాను.

లెక్కలబాబాయి

మిగిలేది 500, అంటే గంటకి వంద. పర్వాలేదు. కానీ 11 బొమ్మలంటే 55 గంటలు. రాత్రికి గంటన్నర చొప్పున 37 రాత్రులు. నెలలో ఉన్నవే ముప్పై. మిగతా ఏడు రాత్రులు నిద్రలోంచి తీస్తున్నావా, ఆదివారంలోంచా?

పొనికిచెక్క

అక్కా, నేను మేళాల్లో కొండపల్లి, నిర్మల్ బొమ్మల స్టాల్ పెడతాను. అందరూ మర్యాద గురించే మాట్లాడుతున్నారు, చట్టం ఎవరూ ఎత్తలేదు. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. చేతివృత్తుల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి అమ్ముకునే వాటికి మినహాయింపు ఉంది. ఆ నమోదుకి ఇచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డు అంటారు, దానికి అప్లై చెయ్యి. అది లేకుండా అమ్మితే నీ బొమ్మ ఎంత బాగున్నా నియమానికి బయటే ఉన్నట్టు.

ఎవరైనా పీఎం విశ్వకర్మ అంటారేమో. చేతివృత్తులవాళ్ల కోసం 2023లో వచ్చిన ఆ కేంద్ర పథకంలోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ కూడా ఉంది, నిజమే. కానీ అది ఇంటి వృత్తిగా, సొంతంగా ఇదే చేసుకుని బతికేవాళ్లకు. నెలజీతం మీదున్న నీకు కాదు. దాని చుట్టూ తిరగకు.

ఇంకోటి, కళ్లకి గుండీలు పెడుతున్నావా? చిన్నపిల్లల బొమ్మలకి వద్దు. ఊడితే నోట్లోకే పోతుంది. దారంతో కుట్టెయ్.

నా మాట వింటే బడివాళ్లను వదిలేసి బొమ్మల కొలువు పెట్టేవాళ్లను పట్టుకో. దసరాకి కొందరు, సంక్రాంతికి కొందరు. పెళ్లి సెట్టు, బతుకమ్మ ఆడే అమ్మాయిల సెట్టు గుడ్డలో చేస్తే చూసేవాళ్లు ఆగుతారు. ముందే చేసి పెట్టుకోవచ్చు, రేపే కావాలని ఎవరూ పీకల మీద కూర్చోరు. అవి అలంకరణకే కాబట్టి ఆటబొమ్మల గొడవా ఉండదు.

కొండాపూర్ అమ్మ

కొలువు సెట్టు నిజంగా చేస్తే నాకు చెప్పండి. మా పాప మీ బళ్లో లేదు కదా!

సూదీదారం

అందరివీ చదివాను. నిన్న బడిగంట గారి మీద కోపం వచ్చింది. సగం రాసి తుడిచేశాను.

గుండీల విషయం నిజమే, మొదటి రెండు బొమ్మలకి పెట్టాను. వాళ్లిద్దరికీ ఫోన్ చేశాను, తెచ్చిస్తే దారంతో మారుస్తాను. లెటర్ కూడా తీసి చూశాను. "యాజమాన్యం అనుమతి లేకుండా ఇతర వ్యాపారం" అని ఒక లైను ఉంది. నా సంతకం కిందే ఉంది.

అసలు రాయాల్సింది వేరే ఉంది. ఒకావిడ 650 ఎక్కువని 500కి బేరమాడింది. సరేనన్నాను గానీ లోపల ఉడుకుతూనే ఉన్నాను. మర్నాడు లంచ్‌లో వాళ్ల పాప డబ్బా చాచి "ఆంటీ, మూత" అంది. నేను పక్క పాపది ముందు తీశాను. ఎవరూ చూడలేదు. ఆ పిల్ల కూడా గమనించలేదు, పాటేదో పాడుకుంటూ నిలబడింది. బడిగంట గారు అన్నది కొనని తల్లి గురించి. నాకు కొన్న తల్లితోనే వచ్చింది.

ఇంకా నాలుగు బాకీ ఉన్నాయి. అవి కుట్టిచ్చి బళ్లో వాళ్లకి ఆపేస్తాను, కోఆర్డినేటర్‌కి కూడా చెబుతాను. కొలువు బొమ్మల సంగతి ఆలోచిస్తాను, ఈ దసరాకి మాత్రం కాదు బాబాయి గారూ, నిద్ర కావాలి.

ఒకటే అడుగుతాను. మొదటి బాబు జేబు బొమ్మ మెడ దగ్గర పిగిలింది. వాడు మళ్లీ ముఖం చిన్నబుచ్చుకుంటున్నాడు. డబ్బులు లేకుండా కుట్టిస్తే అదీ తప్పేనా?

బడిగంట

కుట్టివ్వమ్మా. సూది మాత్రం క్లాసులోకి తీసుకెళ్లకు. ఇంటికి తెచ్చుకుని కుట్టి, పొద్దున గేటు దగ్గరే వాడి చేతిలో పెట్టు.