జీవో 49ని పక్కన పెట్టడం సరైనదేనా?

గోదారి_గట్టు
2025 మే 30న కుమురం భీమ్ కన్జర్వేషన్ రిజర్వు పేరుతో జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్ల అడవి. మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వు నుంచి మన కవ్వాల్ అడవికి పులులు నడిచొచ్చే దారి ఇదే. ఆదివాసీ సంఘాలు బంద్‌కు పిలుపిచ్చేసరికి జూలైలో ప్రభుత్వం జీవోను నిలిపేసింది. నా మట్టుకు ఇది తప్పు. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వు చేశారు. వచ్చే దారే తెగిపోతే అది ఉండీ ఏం లాభం?

పత్తిచేను_కాగజ్‌నగర్
అన్నా, మ్యాపుల గీత గీసుడు అల్కనే. 2024 నవంబర్‌ల మా దిక్కు పత్తి ఏరబోయిన ఆడపిల్లను పులి చంపింది. ఆ తర్వాత పులి ఎనకనుంచి మీద పడకుండ తలకాయ ఎనకకు మనిషి మొఖం మాస్కులు కట్టుకొని పత్తి ఏరినం. ముందట సాలుల మా చిన్నమ్మ వంగి ఏరుతుంటే, ఎవడో గుడ్లు తేలేసి నన్నే చూస్తున్నట్టుండె. నవ్వు రాలే.

సెక్షన్_36ఎ
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. కన్జర్వేషన్ రిజర్వు అంటే అభయారణ్యం కాదు, ఊళ్లు ఖాళీ చేయించేదీ కాదు. ప్రభుత్వ భూమిలోనే పెట్టాలి. అయితే దాన్ని పెట్టే వీలిచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 36ఎ స్థానికులతో ముందుగా సంప్రదించమంటోంది. గ్రామసభలను అడగలేదన్నదే కదా సంఘాల ప్రధాన ఫిర్యాదు! జీవో ఉద్దేశం మంచిదే, తెచ్చిన తీరే దాని కొంప ముంచింది.

గోదారి_గట్టు
ఒప్పుకుంటా. కానీ 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చచ్చాయి, ఒకటి విషం కలిపిన పశువు కళేబరం తిని. పోడు పెరుగుతూనే ఉంది. అడిగి, ఒప్పించి, అప్పుడు కాపాడదాం అంటే మిగిలేదెన్ని?

పత్తిచేను_కాగజ్‌నగర్
విషం పెట్టుడు తప్పే, ఎవలూ కాదనరు. కానీ ఆవు సచ్చినోనికి పైసలు ఎన్ని దినాలకు అందినయో గూడ అడుగుండ్రి. 2023ల ఆసిఫాబాద్‌లనే పోడు పట్టాలు పంచుడు షురూ చేసిరి, రెండేండ్లకు రిజర్వు అనిరి. ఏది నమ్మాలె? గదే అడవిని కోసుకుంట కాజీపేట–బల్లార్షా లైను పోతది, పక్కపొంటి మూడో లైను గూడ. మా పట్టాకు ఇన్ని అడ్డాలు, రైలు పట్టాకు ఒక్కటి లేకపాయె!

సెక్షన్_36ఎ
ఇక్కడ మాత్రం తమ్ముడితోనే నేను. మహారాష్ట్రలో పెంచ్ టైగర్ రిజర్వు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిని పైకి లేపి, కింద జంతువులకు దారులు వదిలారు. వాటిలో పులులు తిరగడం కెమెరాల్లో పడింది. ఆ పని మన రైలు లైను దగ్గర మొదలుపెట్టడానికి ఏ రైతు పట్టా అడ్డొస్తుంది? పందుల కోసం పొలాల్లో పెట్టే కరెంటు తీగలు తీయించడానికీ కొత్త జీవో అక్కర్లేదు.

గోదారి_గట్టు
అవి ఈలోపు చేయొచ్చు, సరే. రిజర్వు వద్దనడానికి మాత్రం అది కారణం కాదు. నా మాట మీదే ఉన్నా.

పత్తిచేను_కాగజ్‌నగర్
ఉండన్నా. జీవో మల్ల తెస్తే ముందుగాల మా గ్రామసభకు రమ్మను. పత్తి ఏరుడు అయినంక రమ్మను, లేకపోతే ఇంటికాడ ఎవలం దొరకం.