పాచి పట్టిన పూల్: నీళ్లు తోడేయాలా, మందు వేయాలా?

మొయినాబాద్ తోట: మా పూల్ 50,000 లీటర్లది. ఎండలు ముదిరాక నీళ్లు పచ్చబడ్డాయి, మెట్ల మీద కాలు జారుతోంది. శుభ్రం చేసే అబ్బాయి మొత్తం తోడేద్దామంటున్నాడు. మా బావగారు మైలుతుత్తం వేస్తే చాలంటున్నారు. ఏం చేయమంటారు?

నీలిమ: రెండూ వద్దండీ. నడివేసవిలో ఐదు పెద్ద ట్యాంకర్ల నీళ్లు పారబోయడానికి మనసెలా వస్తుంది? పాచి పట్టింది నీళ్లు పాతబడి కాదు, క్లోరిన్ తగ్గి. అది సరిచేయకపోతే కొత్త నీళ్లూ పచ్చబడతాయి. మైలుతుత్తం పాచిని చంపుతుంది, నిజమే. కానీ అందులోని రాగి నీళ్లలోనే ఉండిపోయి గోడలకు మరకలు పడతాయి, క్రిములకు మళ్లీ క్లోరిన్ వేయాల్సిందే.

ముందు యాసిడ్‌తో పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార గుణాల కొలత) 7.2కి దించండి. 8 దగ్గరుంటే క్లోరిన్‌లో పనిచేసే భాగం పావు వంతే. పొద్దుగూకాక హైపో (సోడియం హైపోక్లోరైట్, అంటే ద్రవ రూపంలోని క్లోరిన్ మందు) పోయండి, ఎండలో పోస్తే క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది. మెట్ల కింద, నిచ్చెన వెనక బ్రష్‌తో గట్టిగా రుద్దాలి, ఆ జిగురు పొర చాటున మందు సోకదు. ఫిల్టర్ రాత్రీపగలూ నడపండి. యాసిడ్, హైపో ఒకేసారి పోయకండి, విషవాయువు వస్తుంది.

పూల్ సర్వీస్: మేడమ్, ఆ అబ్బాయి మాట తీసిపారేయకండి. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లలు ఏళ్ల తరబడి వేసిన చోట ఎంత హైపో పోసినా పచ్చదనం వదలదు. బిళ్లలతో పాటు స్టెబిలైజర్ (క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే సయనూరిక్ యాసిడ్) పేరుకుంటుంది, ఎక్కువైతే అది క్లోరిన్‌ను పట్టి ఉంచి పనిచేయనివ్వదు. ఫిల్టర్‌తో పోదు. నీళ్లు మార్చాల్సిందే.

నీలిమ: స్టెబిలైజర్ సంగతి ఒప్పుకుంటాను. మొత్తం ఎందుకండీ? ఉదాహరణకు స్టెబిలైజర్ 120 పీపీఎం (లీటరుకు 120 మిల్లీగ్రాములు) ఉంటే, సగం మారిస్తే 60 అవుతుంది. అప్పుడు పాచి చావడానికి కావాల్సిన క్లోరిన్ అందులో 40 శాతం, అంటే 24 పీపీఎం, ఈ పూల్‌కు 10 శాతం హైపో 12 లీటర్లు. పైగా వానల్లో భూగర్భజలం పైకొచ్చినప్పుడు ఖాళీ చేస్తే కింది ఒత్తిడికి పూల్ మొత్తం పైకి లేస్తుంది.

మొయినాబాద్ తోట: బిళ్లలే వాడుతున్నాం. స్టెబిలైజర్ 110 చూపించింది.

పూల్ సర్వీస్: అయితే సగం తీయించండి, ఇక బిళ్లలు మానేసి హైపోతోనే నడపండి. గోడలు నల్లమచ్చలు పట్టి ఉంటే మాత్రం నా మాట అదే, ఖాళీ చేసి రుద్దాలి.

నీలిమ: నల్లమచ్చల్ని కూడా స్టీల్ బ్రష్‌తో నీళ్లలోనే రుద్దవచ్చు, గోడలు సిమెంటువైతే. సాయంత్రం, తెల్లవారకముందు క్లోరిన్ కొలవండి. రాత్రంతా ఒక పీపీఎం కన్నా ఎక్కువ తగ్గితే పాచి ఇంకా బతికే ఉన్నట్టు, ఆపకండి.