21 అంగుళాలా, 26 అంగుళాలా? రాత్రి కాపలాకు ఏ లాఠీ పనికివస్తుంది?

రాత్రి_కాపలా అడిగిన ప్రశ్న:

నమస్కారం. నేను ఒక పెద్ద గిడ్డంగిలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటివరకు మాకు ఇచ్చినవి మూడడుగుల చెక్క కర్రలు. సరుకు వరుసల మధ్య తిరిగేటప్పుడు కర్ర ఏదో ఒకదానికి తగులుతూనే ఉంటుంది. అందుకని చాలామంది దాన్ని కుర్చీకి ఆనించి గస్తీకి వెళ్తారు. నేను కూడా అలా వెళ్లిన ఒక రాత్రి వెనుక గేటు దగ్గర ఇద్దరు మనుషులు ఎదురయ్యారు. నా చేతిలో టార్చి తప్ప ఏమీ లేదు. వాళ్లు వెలుగు చూసి గోడ దూకి పారిపోయారు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు యాజమాన్యం కొత్త లాఠీలు కొంటామంటోంది. అనుమతులు, శిక్షణ వాళ్లే చూసుకుంటారు, రకం మాత్రం మమ్మల్ని చెప్పమన్నారు. టెలిస్కోపిక్ రకం, అంటే గొట్టంలో గొట్టం దూరి పొట్టిగా మూసుకునేది మంచిదా, పక్కన అడ్డపిడి ఉన్నది మంచిదా? 21 అంగుళాలు తీసుకోవాలా, 26 తీసుకోవాలా? పిడి పట్టుకుని విసిరితే బిగుసుకునేది, బటన్ నొక్కితే మూసుకునేది అని రెండు రకాలు చూపించారు. వాటి మధ్య తేడా ఏమిటో అర్థం కాలేదు. వాడినవారు చెప్పండి.

పాత_డ్రిల్లు_మాస్టారు:

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. కుర్చీకి ఆనించిన కర్ర ఎంత గట్టిదైతే ఏమి లాభం? నేను ఒక పోలీసు శిక్షణ కేంద్రంలో 22 ఏళ్లు లాఠీ నేర్పాను. ఏ లాఠీని చూసినా నేను మొదట అడిగేది ఒకటే: పది గంటల డ్యూటీలో ఇది మనిషి నడుము మీద ఉంటుందా? టెలిస్కోపిక్ రకం ఇంతగా వ్యాపించింది అందుకే. 26 అంగుళాలది మూస్తే సుమారు తొమ్మిదిన్నర అంగుళాలు, 21ది మూస్తే సుమారు ఎనిమిది. కూర్చున్నా, వంగినా, మెట్లెక్కినా అడ్డం రాదు. ఈ చింత కొత్తదీ కాదు. 1829లో లండన్ పోలీసు దళం ఏర్పడినప్పుడు వాళ్లు పొట్టి చెక్క లాఠీని కోటు వెనుక తోకలో కుట్టిన పొడవాటి జేబులో పెట్టుకునేవారు.

ఇక బిగింపు సంగతి. విసిరి తెరిచే రకాన్ని ఫ్రిక్షన్ లాక్ అంటారు. మూడు గొట్టాలూ చివర కొద్దిగా సన్నబడి ఉంటాయి. గట్టిగా విసిరితే ఒకటి మరొకదానిలో ఇరుక్కుని నిలబడతాయి. లోపల గొళ్లెం వంటిది ఏమీ లేదు, ఆ ఇరుకే దాని బలం. కాబట్టి మొహమాటంగా, చప్పుడు కాకుండా తెరిస్తే అది సగమే బిగుస్తుంది. చూడటానికి పూర్తిగా తెరుచుకున్నట్టే ఉంటుంది. శిక్షణలో ఒక కుర్రాడు అలా తెరిచి, సంచి మీద మొనతో పొడిచాడు. లాఠీ మొత్తం జారి అతని పిడికిలిలోకి వచ్చేసింది. ఆ క్షణంలో అతని ముఖంలో కనిపించిన అయోమయం నాకు ఇప్పటికీ గుర్తు. సంచి కాబట్టి ఎదురు దెబ్బ తగలలేదు.

మూయడానికి దాన్ని నిటారుగా పట్టుకుని మొనను గట్టి నేల మీద కొట్టాలి. సిమెంటు నేల అయితే ఒక్క దెబ్బకు మూసుకుంటుంది. బురదలో, గడ్డిలో, తివాచీ మీద ఎంత కొట్టినా కదలదు. అంటే, ఎవరినైనా అదుపులోకి తీసుకున్నాక మీకు రెండు చేతులూ కావాల్సిన సమయంలో, తెరిచిన ఉక్కు కడ్డీ ఒక చేతిలో మిగిలిపోతుంది. దాన్ని నేల మీద పెట్టారా, ఇంకొకడి చేతికి ఇచ్చినట్టే.

బటన్ రకంలో లోపల లాక్ ఉంటుంది. నెమ్మదిగా లాగి తెరిచినా బిగుస్తుంది, పొడిచినా మూసుకోదు, బటన్ నొక్కి మొనను తొడకో అరచేతికో ఆనించి నెడితే మూసుకుంటుంది. లోపల భాగాలు ఎక్కువ కాబట్టి ఇసుక, దుమ్ము చేరితే మొరాయిస్తుంది, శుభ్రం చేస్తూ ఉండాలి. అయినా మీ పనికి నా ఓటు దీనికే. ఒకవేళ మీవాళ్లు ఫ్రిక్షన్ రకమే కొంటే గొట్టాలకు నూనె మాత్రం రాయకండి. తుప్పు పడుతుందని మంచి ఉద్దేశంతోనే రాస్తారు, కానీ జిడ్డు పడితే ఆ ఇరుకు పట్టు వదులుతుంది. తడిసినప్పుడు పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పేరున్న లాఠీని చూసి చేసిన చౌక నకళ్లు కొననివ్వకండి. ఒకసారి మా మైదానంలో అలాంటిది విసిరితే ముందు గొట్టం పూర్తిగా ఊడి, వరుసలో నిలబడినవారి తలల మీదుగా వెళ్లి పడింది. ఆ రోజు నుంచి ప్రతి లాఠీనీ నేనే యాభైసార్లు విసిరి చూశాకే పిల్లల చేతికి ఇచ్చేవాడిని.

రెండు_పిడుల_మనిషి:

మాస్టారు అడ్డపిడి గురించి ఒక్క మాట కూడా అనలేదు. పదిహేనేళ్లుగా టోన్ఫా సాధన చేస్తున్నవాడిగా నేను చెప్పాలి. ఒకినావా సంప్రదాయ ఆయుధం అది. అదే రూపంతో 1970లలో అమెరికాలో పీఆర్-24 అనే 24 అంగుళాల పోలీసు లాఠీ వచ్చింది. అడ్డపిడి పట్టుకుంటే కర్ర మోచేతి వరకు ముంజేయి వెంట ఆనుకుని ఉంటుంది. ఎదుటివాడు ఇనుప రాడ్డుతో కొట్టినా ఆ దెబ్బ కర్ర మీద పడుతుంది. మామూలు లాఠీతో ఆ రక్షణ రాదు. అవతలివాడి చేతిని ఒడిసి కిందికి దించడానికి కూడా దానికి సాటి లేదు.

పాత_డ్రిల్లు_మాస్టారు:

మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. అయితే మీవి పదిహేనేళ్ల సాధన చేసిన చేతులు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఏడాదికి కొన్ని గంటలే దొరికేవి. అడ్డపిడిని తిప్పే విద్య వాడకపోతే నెలల్లో చేయి మరిచిపోతుంది. భయం వేసినప్పుడు మనిషి దాన్ని గొడ్డలిలా పట్టుకుని కొడతాడు. 1991 మార్చి 3న లాస్ ఏంజిలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వాహనదారుణ్ణి పోలీసులు కొట్టిన వీడియోలో ఉన్నవి ఆ అడ్డపిడి లోహపు లాఠీలే. నేర్చిన పట్లు ఆ వీడియోలో ఎక్కడైనా కనిపిస్తాయా, చూడండి.

ఎక్స్‌రే_గది:

నేను లాఠీ పట్టలేదు, దెబ్బలు చూశాను. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ముంజేతిలో చిటికెన వేలి వైపు ఉండే ఎముక పేరు అల్నా. అది ఒక్కటే మధ్యలో విరిగితే వైద్య పుస్తకాలలో దాని పేరే నైట్‌స్టిక్ ఫ్రాక్చర్, అంటే లాఠీ విరుపు. ఎందుకు విరుగుతుందంటే, తల మీదికి దెబ్బ వస్తుంటే మనిషి చేయి అడ్డం పెడతాడు కాబట్టి. ఆ ఫిల్మును చూసిన ప్రతిసారీ ఆ చేయి అడ్డు రాకపోతే దెబ్బ ఎక్కడ పడేదో అనుకుంటాను. పైగా టెలిస్కోపిక్ లాఠీ మొన చిన్న ఉక్కు గుండు. మందమైన చెక్క దెబ్బ కాస్త వ్యాపిస్తుంది, దీని బలమంతా ఒక్క చోట దిగుతుంది. కొనేటప్పుడు ఇది కూడా ఆలోచించండి.

పాత_డ్రిల్లు_మాస్టారు:

అమ్మా, ఇది నేనే ముందు చెప్పవలసింది. శిక్షణలో మనిషి బొమ్మకు మూడు రంగులు వేసి చూపిస్తారు. తొడ, పిక్క, చేతుల కండలు ఆకుపచ్చ. కీళ్లు పసుపు. తల, మెడ, వెన్నెముక ఎరుపు. ప్రాణం పోయే పరిస్థితి అయితే తప్ప ఎరుపు జోలికి పోకూడదు. రాత్రి_కాపలా గారూ, శిక్షకుడు ఆ బొమ్మ చూపించకుండా విసరడం ఒక్కటే నేర్పితే మీరే అడగండి.

కొత్త_సభ్యురాలు:

మాస్టారూ, ఆత్మరక్షణ కోసం నా సంచిలో ఒకటి పెట్టుకోవచ్చా?

పాత_డ్రిల్లు_మాస్టారు:

వద్దంటాను తల్లీ. ముందు చట్టం చూడాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో దీని అమ్మకం 2004 నుంచే నిషేధం, 2021 నుంచి ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. చట్టం ఒప్పుకున్న చోట కూడా సంచి అడుగున ఉన్న లాఠీ వెతికి, తీసి, విసరడానికి పట్టే సమయంలో మనిషి మీద పడిపోతాడు. విసరడానికి చేయి చాచే చోటు కూడా కావాలి. చేతిలోనే ఉండే మంచి టార్చి కొనుక్కోండి. కళ్లలో వెలుగు కొట్టి, ఆ రెండు క్షణాలలో పరుగెత్తండి.

రాత్రి_కాపలా:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న డ్యూటీకి ముందు రెండు పాత కర్రలను 21కి ఒకటి, 26కి ఒకటి కోసి, సరుకు వరుసల మధ్య నిలబడి ఊపి చూశాను. 26ది రెండు వైపులా అట్టపెట్టెలకు తగిలింది. 21ది పక్కకు ఊపితే తగిలింది, పైనుంచి ఏటవాలుగా దించితే తగల్లేదు. బటన్ లాక్, 21 అంగుళాలు అని రాసి ఇస్తున్నాను. మా నేల సిమెంటే అయినా వెనుక గేటు దగ్గర అంతా మట్టి.

పాత_డ్రిల్లు_మాస్టారు:

సరైన పరీక్ష చేశారు. వచ్చాక ఇంకొకటి చేయండి: టార్చి కుడి చేతిలో పట్టుకుని, లాఠీని ఎడమ చేత్తో బెల్టు నుంచి తీసి తెరవండి. ఆ రాత్రి మీ కుడి చేతిలో ఉన్నది టార్చే కదా.