అప్‌డేట్: ఘాట్‌లో బ్రేకులు పట్టట్లేదన్నాను కదా, ప్యాడ్లు మార్చాను

పోయిన నెల తిరుమల నుంచి దిగుతుంటే సగం దారిలో మాడు వాసన వచ్చి, పెడల్ ఎంత తొక్కినా కారు ఆగనంటోందని, ఏ బ్రేక్ ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును నొక్కి ఆపే పలకలు) వేయించాలని అడిగాను కదా, ఆ సంగతే. మీలో ఒకన్న "పెడల్ గట్టిగా ఉందా, మెత్తగా లోపలికి పోతోందా?" అన్నాడు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. గట్టిగా ఉండీ పట్టకపోతే ప్యాడ్లు బాగా వేడెక్కినట్టు, మెత్తగా దిగిపోతే బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవం) మరిగినట్టు. నాకు రెండూ!

మెకానిక్ మూత తీసి చూపిస్తే ఫ్లూయిడ్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, నాలుగేళ్లుగా మార్చనే లేదు మరి. అందులో ఉన్న డాట్ 3 రకం తీయించి, ఇంకా వేడి తట్టుకునే డాట్ 4 రకం పోయించాను. కొత్తది డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230, కానీ చెమ్మ పీల్చుకుంటే అవే 140కి, 155కి పడిపోతాయట.

ప్యాడ్లు సెమీ మెటాలిక్, అంటే లోహం కలిపినవి, వేడికి బాగా తట్టుకుంటాయి. సిరామిక్‌కి చప్పుడూ దుమ్మూ తక్కువే గానీ నా గోల వేడి గురించి కదా. వేయించాక ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, ఓ పదిసార్లు బ్రేక్ కొట్టి కొత్త ప్యాడ్లు డిస్కులకు కుదురుకునేలా చేశాను.

మొన్న మళ్లీ దిగాను. వాసన లేదు, పెడల్ కింది దాకా ఒకేలా ఉంది. పొద్దున్నే మాత్రం కీచుమంటున్నాయి, చక్రాలు రెండు రోజులకే మసి.

ఇంకోటి, తిట్టకండి: ఈసారి రెండో గేర్‌లో దిగాను, అందులో ఇంజనే కారును పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. పోయినసారి నాలుగులో వచ్చానని మీకు చెప్పలేదు.